పాఠం వచ్చు... నోరే పెగలదు!

బి.ఇడి. చదివే అమ్మాయి కనిపిస్తే "నీకేమమ్మా, హాయిగా టీచరమ్మవైపోతావు" అనేస్తాం. ఆ పిల్ల అర్ధరాత్రి దాకా లెసన్ ప్లాన్లు రాసుకుంటోందనీ, పొద్దున్నే బడికి బయల్దేరే వేళకు కడుపులో తిప్పుతోందనీ ఎందరికి తెలుసు?

శిక్షణలో ఉన్నవాళ్ళని ఛాత్రోపాధ్యాయులంటారు. అంటే ఒకే మనిషి విద్యార్థీ, ఉపాధ్యాయురాలూ కూడా! బడిలో పాఠం చెప్పాలి, కాలేజీలో మార్కులు తెచ్చుకోవాలి. 2015లో బి.ఇడి. రెండేళ్ళ కోర్సయ్యాక, అందులో 20 వారాలు బడులకే కేటాయించారు. మంచిదే. కానీ ఆ వారాల్లోనే చాలామంది డీలాపడిపోతారు.

1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వచ్చిన ఊరు మా తిరుపతి. అలిపిరి వైపు మా వీధుల్లో గదులు తీసుకుని చదువుకునే ఆడపిల్లలకు కొదవలేదు. వాళ్ళలో ఒకమ్మాయి ఓ సాయంత్రం కోర్సు మానేస్తానంది.

"పాఠం రాక కాదక్కా. నలభైమంది నన్నే చూస్తా ఉంటే నోరు పెగల్లేదు. వెనకాల సార్ కూచోని ఏందో రాసుకుంటా ఉన్నారు. నేను దీనికి పనికిరానేమో!"

మర్నాడు నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఆ పాఠమేదో నాకే చెప్పమన్నాను. మధ్యమధ్యలో ఆకతాయి పిల్లల్లా అడ్డు ప్రశ్నలేశాను. మొదట తడబడింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత నన్నే గదమాయించింది! అలా నాలుగు రోజులు సాగింది. ఆ పైవారం క్లాసులో ఓ పిల్ల "ఇంకోసారి చెప్పండి టీచర్" అని అడిగిందట. అది తన లోపమనుకోలేదు. పిల్లకు తన దగ్గర చనువు ఏర్పడిందనుకుంది.

"ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం గురించి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే వివరంగా రాశారు. ఆయన చెప్పిన ఆధారాలు నాలుగు. స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివారు చేస్తుంటే చూడటం, నమ్మదగ్గవారి ప్రోత్సాహం, ఒంటి కంగారుని సరిగ్గా అర్థం చేసుకోవడం. అన్నిటికన్నా బలమైనది మొదటిదే. గుండె దడ అసమర్థతకు గుర్తు కాదన్నమాట!

అలిపిరి మెట్లెక్కినవారికి ఇది తెలిసిందే. గాలిగోపురం దాకా ఆయాసం. ఆ తర్వాత కొంత నడక సులువు. మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ కష్టమే. అందాకా వచ్చినవాళ్ళు మాత్రం ఎక్కగలమని ఎక్కుతారు.

అందుకే పెద్దలకో మాట. "బాగా చెప్పలేదు" అని వదిలేయకుండా, "బోర్డు వైపు కాదు, పిల్లల వైపు తిరిగి చెప్పమ్మా" అనండి. ఏం చేయాలో తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళు ఆ కొన్ని వారాలైనా వంటపని తగ్గించి కంటినిండా నిద్రపోనివ్వండి. పక్కింటమ్మాయితో పోల్చకండి.

అమ్మాయిలూ! రోజూ బాగా జరిగినదొకటి, మార్చుకోవాల్సినదొకటి రాసుకోండి. తోటివాళ్ళ పాఠాలు చూడండి. నిద్రా తిండీ కరువై, దిగులు వారాల తరబడి వదలకపోతే దాచుకోకండి. 2022లో మొదలైన టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఉచితమే.

పిల్లలకు ధైర్యం చెప్పాల్సిన మనిషికి ముందు మనం ధైర్యం చెప్పొద్దూ?