కరెంటు లేకుండా కరెంటు పని నేర్చుకోవడం

పాల శీతలీకరణ కేంద్రంలో త్రీఫేజ్ బోర్డుకు 415 వోల్టులు వస్తాయి. అక్కడ తప్పుచేసి నేర్చుకునే వీలులేదు. ఇందుకు ఉపాయం కంప్యూటరు తెరమీది నమూనా బోర్డు. 2013లో వెలువడిన లీప్ మోషన్ వంటి చిన్న పరికరంలో పరారుణ దీపాలు, రెండు కెమెరాలు ఉంటాయి. అవి మన వేళ్లను కనిపెడుతుంటాయి. తెరమీది చెయ్యి అలాగే కదులుతుంది.

శిక్షణ పొందేవాడు గాలిలోనే స్విచ్చి ఆపి, తాళం వేసి, టెస్టరుతో చూసి, ఆ తర్వాతే తీగ ముట్టుకోవాలి. టెస్టరు మరిచాడా, తెరమీద మెరుపు! మనిషికేమీ కాదు, మళ్లీ మొదటినుంచి చేస్తాడు. వరుస అలవాటు కావడానికి ఇంతకంటె మంచి మార్గం లేదు.

అయితే స్క్రూ బిగువు, పట్టకారు బరువు దీనివల్ల చేతికి తెలియవు. కనుక ఇలా నేర్చివచ్చిన కుర్రవాణ్ణి కార్యదర్శులు ఒంటరిగా పంపక, కరెంటు తీసిన అసలు బోర్డుమీద పాత ఎలక్ట్రీషియను పక్కన కొన్నాళ్లు పనిచేయించాలి.