ఆమ్లజని పేరు

రసాయనశాస్త్ర పరీక్ష ముగిసి గంట మ్రోగగానే విద్యార్థులు చెట్టునీడకు చేరుదురు. ప్రశ్నపత్రము మడతలు విప్పి ఒకరి జవాబు నొకరు సరిచూచుకొందురు. ఆమ్లములన్నిటను ఆక్సిజన్ ఉండునా అను ప్రశ్నకు ఒకడు ఉండునని వ్రాసి వచ్చినాడనుకొందము. హైడ్రోక్లోరికామ్లమున ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్‌లే గదా అని తక్కినవారు నవ్వుదురు. వాని ముఖము వాడిపోవును. మరునాటి పరీక్షకు చదువవలసిన సాయంకాలము కాస్తా ఆ రెండు మార్కుల చింతతో గడచిపోవును.

ఎందు కట్లు వ్రాసితివని మాత్రము ఎవ్వరును అడుగరు. అడిగినచో మంచి కథయే బయటపడెడిది. పాత తెలుగు పుస్తకములలో ఆక్సిజన్ పేరు ఆమ్లజని. అనగా ఆమ్లమును పుట్టించునది. వాడు ఆ పేరును నమ్మినాడు. పోనీ, అది మనవారి కల్పనయా? కాదు. 18వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోయిజర్ గ్రీకు మాటలతో కూర్చిన పేరునకు తెలుగుసేత. ఆమ్లములన్నిటికి ఆ వాయువే మూలమని ఆయనయు నమ్మెను! 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ మూలకమని ప్రకటించి, నేడు మనము హైడ్రోక్లోరికామ్లమనుదానిలో ఆక్సిజన్ లేదని చూపెను.

నీటిలో హైడ్రోజన్ అయానుల నిచ్చునది ఆమ్లమని నేటి పాఠశాల పాఠము. ఆ హైడ్రోజన్‌కు పాత పేరు ఉదజని, నీటిని పుట్టించునది. ఆ పేరు మాత్రము తప్పలేదు.