అవ్వ కాపలా, అమ్మ షికారు

పావగడ పట్టణమున బడి విడుచు వేళకు గేటు ముందర చేరెడు తల్లిదండ్రుల సభకు అధ్యక్షుడు లేడు, కార్యక్రమ పత్రము లేదు, తీర్మానములకు మాత్రము కొదవ లేదు. వర్షము పడునా పడదా, చెనిక్కాయ ధర యెట్లున్నది, కన్నడ పరీక్షలో ఎవరి బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చినవి అను ప్రశ్నలు ముగిసిన పిమ్మట, ఒకానొక దినమున ఒక తల్లి కొంగు సవరించుకొని, ఇటు నటు చూచి, గొంతు కొంచెము తగ్గించి, అసలు ప్రస్తావనకు దిగును.

“అక్కా, శనివారం రాత్రికి అందరం యాడికన్నా పోదామంటివి గదా, ఏమాయ?”

“పోదాంలేమ్మా. యాడికనేది తర్వాత చూద్దాం. ముందు పిల్లోళ్ళని ఎవురింట్లో పండుకోబెట్టేది చెప్పు.”

“మా అత్తకి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరైతే చూసుకుంటాది, నలుగురంటే ఆమెతో కాదు.”

“మా అవ్వ ఉండాది గదా! ఇంత ముద్ద, ఇంత పప్పు చేసిపెట్టి పోతే సాలు. కతలు చెప్పి నిద్రబుచ్చుతాది.”

బండిమీద కూర్చుండి కాలు నేల నానించి, ఇంతసేపును సెల్‌ఫోనులో మునిగియున్న ఒక తండ్రి అప్పుడు తల యెత్తును. “హిందూపురం పోతే రెండో ఆట ఇడిసేకి అర్ధరాత్రి దాటుతాది. బస్సుని నమ్ముకుంటే అంతే. కారు మాట్లాడుకోవల్ల.”

“దుడ్డు?”

“తలా ఇంత ఏసుకుందాంలే వదినా.”

ఈ విధమైన సంభాషణను వ్యర్థ ప్రసంగమని త్రోసివేయు పెద్దలు గలరు. వారితో నేను ఏకీభవింపజాలను. ఎవరి అత్తకు ఎంత ఓపిక యున్నది, ఎవరి బిడ్డ తల్లి ప్రక్కన లేక నిద్రపోడు, ఎవరి మగడు చెప్పినంతనే యొప్పుకొనును, ఎవరి మగనికి రెండు దినములు ముందుగా మంచి మాటలతో భూమిక సిద్ధపరుపవలెను అను సమస్త విషయములును తెలిసిననే గాని ఒక్క రాత్రి ప్రయాణము కుదరదు. ఇందలి విశేషమేమనగా, వీరి మాటలలో గమ్యము చిట్టచివర తేలును. కాపలా మాత్రము మొట్టమొదట తేలవలెను.

ఇక గమ్యమును గురించి. పావగడ తాలూకా భూగోళమే ఒక చమత్కారము. కర్ణాటకమున తుమకూరు జిల్లాలోనిదే యైనను ఆ జిల్లాలోని తక్కిన నేలతో దానికి స్పర్శ లేదు. మూడు దిక్కుల ఆంధ్రదేశము దానిని పరివేష్టించి యుండగా, పడమట చిత్రదుర్గ జిల్లా వైపున మాత్రమే కన్నడ భూమితో అంటు గలదు. సుమారు నూరు కిలోమీటర్ల దూరముననున్న జిల్లా కేంద్రమునకు పోవువారు నడుమ ఆంధ్రభూమిని త్రొక్కి పోవలసియుండును. 1800వ సంవత్సరమున నైజాము ఇంగ్లీషు కంపెనీకి ధారపోసిన సీమలలో పొరుగునున్న మడకశిర మదరాసు పాలనకు పోగా, పావగడ మైసూరు ప్రభువుల యేలుబడిలో నిలిచెను. 1953లో ఆంధ్రరాష్ట్రము పుట్టినప్పుడును, 1956లో విశాల మైసూరు ఏర్పడినప్పుడును ఆ గీత చెరగలేదు. కావున ఈ జనులు ఇంట తెలుగు, కచేరిలో కన్నడము, సంతలో రెండును పలుకుచు, ఎల్లను గురించి విచారము లేక జీవించుచున్నారు. 1985లో ఎల్ల కవతలి హిందూపురమువారు నందమూరి తారక రామారావుగారిని శాసనసభకు పంపిరి. పావగడకు ఆ వోటు లేదు, ఆయన చిత్రములకు టిక్కెట్టు మాత్రము ఉండెను.

అయితే ఎల్ల ఉన్నదన్న సంగతి రాత్రి షికారు వేళ కండక్టరు జ్ఞాపకము చేయును. 2023 జూన్ 11వ తేదీ మొదలు కర్ణాటక ప్రభుత్వము ‘శక్తి’ పథకము క్రింద తన రాష్ట్రపు స్త్రీలకు ఆర్టీసీ సాధారణ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించినది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ‘స్త్రీశక్తి’ పేరిట తన రాష్ట్రపు స్త్రీలకు అట్టిదే యొసగినది. అయినను గీత దాటించు సర్వీసులకు ఆంధ్రప్రభుత్వపు ఔదార్యము వర్తింపదు, వర్తించినను పావగడ స్త్రీ ఆధారు కార్డు కన్నడ రాష్ట్రపుది. ఇందుచేత దూరముననున్న తుమకూరునకు ఆమె కాసు లేక పోవచ్చును. మనసు లాగు హిందూపురమునకు మాత్రము ముడుపు విప్పవలెను. కారు మాట్లాడుకొని తలా ఇంత వేసికొనుట యను సిద్ధాంతము ఈ చిక్కునుండియే పుట్టినది.

పూర్వము ఈ ఆలోచన అక్కరలేకుండెను. ఏలయన, రాత్రి బయటికి పోవుట యనగా ఇల్లంతయు తరలిపోవుటయే. నంది కొండలలో పుట్టి, హిందూపురము దెసగా ప్రవహించి, ఈ తాలూకాను తడిపి మరల ఆంధ్రదేశమున ప్రవేశించు ఉత్తర పినాకిని యొడ్డున నాగలమడిక యున్నది. కుక్కె ఆది సుబ్రహ్మణ్యము, ఘాటి మధ్య సుబ్రహ్మణ్యము, నాగలమడిక అంత్య సుబ్రహ్మణ్యమని భక్తులు వరుస చెప్పుదురు. పుష్యమాసపు షష్ఠికి అచ్చట జాతర సాగునప్పుడు బండి కట్టి, బండిలో గడ్డి పరచి, గడ్డిపై కంబళి పరచి, కంబళిపై ముసలివారిని పసివారిని కూర్చుండబెట్టి, బొరుగుల మూట ఒకటి, ఓళిగల బుట్ట ఒకటి సర్దుకొని బయలుదేరిన సంసారమునకు పిల్లల నెవరు చూతురన్న ప్రశ్న ఎట్లు తోచును? పిల్లలును వచ్చిరి, చూచుకొను అవ్వయు వచ్చెను, అవ్వను చూచుకొను కోడలును వచ్చెను.

నాటకపు రాత్రి సంగతి మరియు మనోహరము. తుమకూరు సీమ పల్లెలలో నేటికిని కురుక్షేత్ర నాటకమన్న తెల్లవారుదాక జరుగు వ్యవహారము. ఊరి రైతులే కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు. అద్దెకు తెచ్చిన కిరీటములు, హార్మోనియము మీద ఒక పట్టు విడువని మేష్టరు, పద్యమునకు పద్యమునకు నడుమ చదివింపుల ప్రకటన. వేదిక మీద పాండవుల రాయబారము నడచుచుండగా నేలమీది చాపలపై సగము సభ నిద్రలో నుండును. గదాయుద్ధపు వేళకు తప్పక లేపుమని అవ్వతో ఒట్టు పెట్టించుకొని బాలురు పండుకొందురు. లేపినను లేవక, తెల్లవారినాక లేపలేదని యేడ్తురు. ఈ తాలూకాకు ఇరువైపులను రెండు మహానాటక సంప్రదాయములు ఒక యేడాది తేడాలో పుట్టినవి. తుమకూరు జిల్లాలోని గుబ్బిలో చెన్నబసవేశ్వర నాటక సంఘము 1884లో వెలసినది. దానినే పిమ్మట గుబ్బి వీరణ్ణ దేశప్రసిద్ధము గావించెను. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధ ప్రదర్శించి సురభి సమాజమునకు శ్రీకారము చుట్టిరి. సురభివారిలో తల్లి ద్రౌపది, తండ్రి భీముడు, నడక నేర్చిన బిడ్డ రంగస్థలముననే మరియొక పాత్ర. బిడ్డల నెవరియొద్ద విడువవలెనన్న చింత లేక యుగములు గడపిన తల్లిదండ్రులు తెలుగువారిలో వీరు తప్ప వేరొకరు నాకు కానరారు.

కళ్ళపు రాత్రులను గూర్చియు ఒక మాట చెప్పవలెను. విత్తనపు చెనిక్కాయలను చేతితో వలుచు దినములలో వీధి స్త్రీలందరును ఒక యింటి పంచలో చేరి, దీపము నడుమ నుంచుకొని, చేట లొడిలో పెట్టుకొని, నడిరాత్రిదాక వలుచుచుందురు. అది పని యని పేరు. నిజమునకు అది స్త్రీల సభ. ఆ నేల నేడు కొంత మారినది. నాగలమడిక హోబళిలో తిరుమణి మొదలగు ఐదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరముల మీద 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. 2018 మార్చిలో దానికి ప్రారంభోత్సవము జరిగినది. రైతు భూమిని అమ్ముకొనలేదు, ఎకరమునకు యేటికి 21,000 రూపాయల చొప్పున కౌలుకిచ్చెను. కౌలు కాలక్రమమున పెరుగునట్లు ఒడంబడిక గలదు. అనావృష్టితో అప్పులపాలైన సీమకు ఇది చిన్న యుపకారము కాదు. కాని భూమి గలవానికి కౌలు వచ్చినంత మాత్రమున, కూలికి పోవు స్త్రీకి పోయిన కళ్ళము తిరిగి రాదు. కళ్ళముతో పాటు ఆ రాత్రి మాటలును పోయినవి. అద్దపు పలకలు పరచిన చోట వలుచుటకు కాయలుండవు, చేరుటకు పంచ యుండదు. బడి గేటు వద్ద తల్లులు గొంతు తగ్గించి మాటలాడుకొనుటకు గల కారణములలో ఇదియు నొకటి యని నా యభిప్రాయము.

పురుషుని సంగతి వేరు. తండ్రికి ఏ రాత్రియు మూసిన తలుపు కాదు. టీ అంగడి, పంచాయతీ యెన్నికల మంతనము, నాటకపు రిహార్సలు, క్రికెట్టు పోటీ, ఏదియు లేనినాడు ఊరక అరుగు: ఎక్కడికని అడుగువారు లేరు, అడిగినను చెప్పవలసిన పని లేదు. తల్లి రాత్రి గడప దాటవలెనన్న దేవుని చీటి కావలెను. శివరాత్రి జాగరణమునకు పోవచ్చును, జాతరకు పోవచ్చును. శివరాత్రినాడు గుడి చుట్టు ప్రదక్షిణము చేసి, ఆ పుణ్యము చల్లారక ముందే ఆట వెంబడి ఆట సినిమా చూచి, జాగరణ ఫలమును వినోద ఫలమును ఒకేమారు మూటగట్టుకొనిన తల్లుల తెలివిని నేను మెచ్చుకొందును. కాని ఏడాదికొక రాత్రి దొరకిన ఆ యనుమతి, అడిగి పుచ్చుకొన్న వరమే గాని హక్కు కాదు.

ఇప్పుడు బడి గేటు వద్ద తల్లి యడుగునది మరియొకటి. వ్రతమునకు కాదు, మ్రొక్కునకు కాదు, చుట్టపు పెండ్లికిని కాదు. ఒక సినిమా చూచి, హోటలులో మసాలా దోసెయో ఫ్రైడ్ రైసో తిని, ఐస్‌క్రీము చేతబట్టుకొని నలుగురితో నవ్వి రావలెను. అంతే. ఈ కోరిక నిసర్గమైనది, న్యాయమైనది. దీనికి దేవుని సాక్ష్యము అక్కరలేదు. “ఇంట్లో ఊట లేదా, బయటికేల?” యని గొణుగు మగవారిని వారి యరుగుల మీదనే విడిచిపెట్టుదము.

అయినను ఈ నవీన వినోదమున ఒక లెక్క తప్పిపోవుచున్నది. జాతర బండిలో కంబళిపై కూర్చుండి వెళ్ళిన అవ్వ, హిందూపురపు కారులో లేదు. పిల్లలు రారు గనుక ఆమెయు రాదు. పిల్లలు రాకుండుటకే ఆమె యింట నున్నది. “మా అవ్వ ఉండాది గదా!” యన్న మాట ఎంత ధీమాగా వినవచ్చునో, ఆ అవ్వ నెవరేని అడిగిరా యన్న మాట అంత అరుదుగా వినవచ్చును. రాత్రి పదిగంటలకు చిన్నవాడు తల్లి కావలెనని మారాము చేయును, పెద్దది సెల్‌ఫోను విడువనని పట్టుపట్టును, ముద్ద చల్లారిపోవును. ముగ్గురు రాకుమారుల కథ సగమైన తరువాత పిల్లలు నిద్రింతురు గాని కథ చెప్పిన ఆమె నిద్రింపలేదు. గొళ్ళెము లోపల వేసియున్నది, అర్ధరాత్రి దాటినాక కారు వచ్చును, తలుపు తీయవలెను. శివరాత్రి జాగరణమునకు ఇంత పుణ్యమని పురాణములు చెప్పినవి. కోడలికి తలుపు తీయుటకై మేలుకొనియుండు జాగరణమునకు ఏ పురాణమును ఫలశ్రుతి చెప్పలేదు.

ఈ కొలువు పావగడకు మాత్రమే పరిమితము కాదు. పడమటి దేశములలో గంటల లెక్కన జీతమిచ్చి ఒక బాలికను పిలిచి, బిడ్డల నప్పగించి పోవు ఆచారము గలదు. అచ్చట స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో మాత్రము, ఆరు నెలల అనుమతితో సముద్రములు దాటి వచ్చిన అవ్వాతాతలే తరచుగా ఆ జీతము లేని పనికి కుదురుదురు. డల్లాసు నగరమునందైనను, పావగడ శనిమహాత్మ దేవళపు వీధిలోనైనను, తల్లిదండ్రుల విహారమునకు మూలధనము ముసలిదాని నిద్ర. ప్రేమతో చేయును కదా యని మీరనవచ్చును. ప్రేమతోనే చేయును, ప్రేమతో చేయు పనికి సెలవు అక్కరలేదని మాత్రము ఎక్కడను వ్రాసి యుండలేదు.

ఈమె యెవరో మరువరాదు. ఒకనాడు కురుక్షేత్ర నాటకమునకు మూడు క్రోసులు నడచిపోయి, ఒడిలో బిడ్డను నిద్రబుచ్చి, కన్ను మూయక అభిమన్యుని మరణమునకు కంటతడి పెట్టిన ప్రేక్షకురాలామె. ఏ ఊరి కర్ణుడు పద్యము బాగుగా ఎత్తుకొనెనో, ఏ ఊరి దుర్యోధనుడు తొడగొట్టబోయి పంచె జారవిడిచెనో నేటికిని చెప్పగలదు. అట్టి రసజ్ఞురాలికి టెలివిజను ముందరి మూల చాలునని మనము తీర్మానించుట, ఆమె మౌనమును మనకు అనుకూలముగ తర్జుమా చేసికొనుటయే.

కావున బడి గేటు సభవారికి నా విన్నపము. మీ శనివారములు మీరు మానుకొనవలదు. మగవారితో వాదము తెగకున్నను మానుకొనవలదు. కాని వరుసలో ఒక శనివారము అవ్వలకు విడువుడు. శ్రావణమాసపు శనివారములలో శనిమహాత్మ దర్శనమునకు రెండు రాష్ట్రముల జనము పావగడ వీధులలో క్రిక్కిరిసియుందురు. ఆమె అక్కడికే పోగోరునని ముందుగా మీరే నిర్ణయింపకుడు, నోరు తెరచి అడుగుడు. హిందూపురము రెండవ ఆట యన్నచో, ఆమె యీడు వారిని నలుగురిని జతచేసి, కారులో ముందు సీటు ఆమెకిచ్చి పంపుడు. ఆ రాత్రి పిల్లలకు ముద్ద మీరు చేసిపెట్టుడు, కథ మీరు చెప్పుడు, తలుపు మీరు తీయుడు.