గుజ్జు కింద ఏముంది?

ఆషాఢ పున్నమికి విశాఖపట్నంలో సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్ల దారి. జనం రాత్రంతా సీతమ్మధార మీదుగా నడుస్తూనే వుంటారు. గుమ్మంలో కూర్చుని వాళ్లకు మజ్జిగ అందిస్తున్న మామ్మను, "నువ్వు వెళ్లవా మామ్మా?" అని మనవడు అడిగాడు.

"మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందిరా నాయనా! ఇంక నడిస్తే వున్నది కూడా పోతుంది" అంది మామ్మ.

పిల్లలూ! ఈ మాట మీరూ ఇంట్లో వినే వుంటారు. ఇందులో నిజమెంతో చూద్దామా?

మోకాలి దగ్గర తొడ ఎముక, కాలి ఎముక కలుసుకునే కొనలకు నున్నని తెల్లని పొర అంటుకుని వుంటుంది. మనవాళ్లు గుజ్జు అనేది దాన్నే. నిజానికది గట్టి రబ్బరులా వుంటుంది. మందం కొద్ది మిల్లీమీటర్లే. మీ పాఠంలో దాని పేరు మృదులాస్థి.

ఇక్కడే ఒక చిక్కుప్రశ్న వుంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నాడులూ లేవు. నాడులు లేనిచోట నొప్పి తెలియదు. గోరు కత్తిరిస్తే నొప్పి పుడుతుందా? మరి మృదులాస్థి అరిగితే మామ్మకు నొప్పి ఎక్కడిది?

నొప్పి కీలు చుట్టూ వుండే పొరల నుంచి కొంత వస్తుంది. మరికొంత మృదులాస్థి కింద వున్న ఎముక నుంచి వస్తుంది. ఆ ఎముకలో రక్తనాళాలూ నాడులూ రెండూ వున్నాయి.

ఎముక రాయి కాదు, ప్రాణమున్న పదార్థం. అందులో కొన్ని కణాలు పాత ఎముకను తొలగిస్తుంటే, మరికొన్ని కొత్త ఎముకను కడుతుంటాయి. ఎక్కువ బరువు మోసే చోట ఎముక మందమవుతుంది. ఈ సంగతిని 1892లో జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ సూత్రంగా చెప్పాడు.

నడిచేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. 60 కిలోల మనిషికి అడుగడుగునా 120 నుంచి 180 కిలోలన్నమాట! మృదులాస్థి పలచబడితే కింది ఎముక మీద ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ఎముక మందమవుతుంది. ఎక్స్‌రేలో అక్కడ తెల్లని గీత కనిపిస్తుంది. కాని ఈ కొత్త ఎముకలో ఖనిజాలు తక్కువ. హడావుడిగా కట్టిన గోడలాగా మందమే గాని బలం వుండదు. అంచుల్లో ముళ్లలాంటి మొలకలు వస్తాయి. లోపల చిన్న చిన్న తిత్తులు కూడా ఏర్పడవచ్చు.

ఎక్స్‌రేకు అందని మార్పులూ వున్నాయి. ఎమ్మారై యంత్రంతో తీసిన బొమ్మల్లో ఎముక మూలుగలో కొన్ని మచ్చలు కనబడతాయి. మోకాలి నొప్పి వున్నవారిలో ఈ మచ్చలు ఎక్కువని 2001లో అమెరికాలో డేవిడ్ ఫెల్సన్ బృందం తెలిపింది.

ఎముక చెడితే మృదులాస్థికీ హాని కలుగుతుంది. ఎలాగో మీరే చేసి చూడండి. ఒక లబ్బరు ముక్కను స్పాంజి మీద పెట్టి గుప్పిటతో మెల్లగా తట్టండి. తర్వాత అదే ముక్కను బండ మీద పెట్టి తట్టండి. స్పాంజి దెబ్బను కొంత తాను తీసుకుంటుంది. బండ తీసుకోదు. దెబ్బంతా లబ్బరు మీద, మీ చేతి మీద పడుతుంది. ఎముక బిరుసెక్కితే పైనున్న మృదులాస్థి గతి అంతేనని 1970ల్లో ఎరిక్ రాడిన్ అనే అమెరికన్ వైద్యుడు వాదించాడు. ముందు చెడేది ఎముకా, మృదులాస్థా? శాస్త్రజ్ఞులు ఇంకా పరిశోధిస్తూనే వున్నారు.

మరి మామ్మ నడవడం మానేయాలా? వద్దు! మృదులాస్థికి రక్తం అందదు కదా. నడిచినప్పుడు అది స్పాంజిలా నొక్కుకుని, వదులై, కీలులోని ద్రవం నుంచి ఆహారం పీల్చుకుంటుంది. కదలకుండా కూర్చుంటే తొడ కండరాలు నీరసిస్తాయి. వాటి భారం కూడా మోకాలి మీదే పడుతుంది.

32 కిలోమీటర్లు నడవనక్కర లేదు. వైద్యుణ్ణి అడిగి, ఓపిక వున్నంత దూరం నడిస్తే మేలు. కుర్చీలో కూర్చుని కాలు చాపి, కొన్ని సెకన్లు నిలిపి దించడం మంచి వ్యాయామం. ఒంటి బరువు కిలో తగ్గితే మోకాలికి అడుగడుగునా అంతకు ఎన్నో రెట్లు ఊరట.

సాయంత్రం మీ మామ్మ చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా తీసుకువెళ్లండి. దారిలో ఈ కబుర్లన్నీ చెప్పండి!