అవుట్ రన్: పందెం లేని ప్రయాణం, పాఠాంతరాల సమస్య

జపాన్‌కు చెందిన సెగా సంస్థ 1986లో విడుదల చేసిన ‘అవుట్ రన్’ను కారు పందేల వీడియో గేమ్‌ల వర్గంలో చేర్చడం పరిపాటి. దాని రూపకర్త యు సుజుకి మాత్రం అది పందెపు ఆట కాదని, కారు నడిపే ఆట అని చెబుతూ వచ్చారు. ఈ భేదం పేరుకే పరిమితం కాదు. ఆట నిర్మాణమంతా దీని మీదే నిలిచింది.

నామ్కో సంస్థ 1982లో తెచ్చిన ‘పోల్ పొజిషన్’తో పోల్చి చూస్తే ఇది స్పష్టమవుతుంది. అందులో ఆటగాడు ఫుజి స్పీడ్‌వే మీద ముందుగా అర్హత చుట్టు పూర్తి చేసి, ఆ తరువాతే పోటీలో నిలుస్తాడు. అవుట్ రన్‌లో తిరిగి వచ్చే చుట్టు లేదు, గెలవవలసిన మొదటి స్థానం లేదు. దారిలో కనిపించే వాహనాలు అడ్డంకులే గాని ప్రత్యర్థులు కావు. తరిగిపోయే కాలమొక్కటే ప్రత్యర్థి. కారు బోల్తాపడి, అందులోని యువతీయువకులు ఎగిరి పడినా క్షణాల్లో ప్రయాణం మళ్లీ మొదలవుతుంది. నష్టపోయేది సమయం మాత్రమే.

సముద్రతీరంలో మొదలైన దారి ప్రతి దశ చివరా రెండుగా చీలుతుంది. మొత్తం దశలు 15, గమ్యాలు 5. ఒక ఆటలో చూడగలిగేది 5 దశలనే. అయితే వాటిని చేరే మార్గాలు 16. ఒకేసారి రెండు రోడ్లను చిత్రించగల ప్రత్యేక వలయం యంత్రంలో ఉండడం వల్లనే ఈ చీలిక తెర మీద సాధ్యమైంది. కథనంలోని వైవిధ్యం యంత్ర నిర్మాణం నుంచే పుట్టిందన్నమాట.

దృశ్యం త్రిమితీయంగా తోచినా అందులో నిజమైన లోతు లేదు. చెట్టు, ఫలకం, లారీ అన్నీ చదునైన బొమ్మలే. దూరాన చిన్నగా పుట్టిన బొమ్మను వేగంగా పెంచుతూ పోతే అది దగ్గరికి వస్తున్నట్లు కన్ను భ్రమిస్తుంది. 1985 నాటి ‘హ్యాంగ్ ఆన్’లో సుజుకి బృందం వాడిన ఈ పద్ధతి ఇక్కడ మరింత పరిణతి చెందింది. బయలుదేరే ముందు రేడియో తిప్పి, హిరోషి కవాగుచి కూర్చిన మూడు పాటల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఖరీదైన నమూనాలో స్టీరింగ్‌తో పాటు ఆసనమూ ఊగేది. (పందెంలో గెలవదలచినవాడికి పాట ఎంపికతో పనేముంది?)

ఇక్కడే పరిశోధకుడికి అసలు చిక్కు ఎదురవుతుంది. ఆటలోని ఎర్రకారు ఫెరారీ టెస్టరోసాను పోలినది. దాని వాడకానికి ఆనాడు అనుమతి తీసుకోలేదు. అందుచేత 2014లో నింటెండో 3డీఎస్ కోసం వచ్చిన పునర్ముద్రణలో కారు రూపం మార్చారు, రెండు కొత్త పాటలు చేర్చారు, చిత్రాల కదలికను సెకనుకు 30 నుంచి 60కి పెంచారు. ఫెరారీ అనుమతితోనే వచ్చిన ‘అవుట్ రన్ ఆన్‌లైన్ ఆర్కేడ్’ కథ వేరు: 2009లో విడుదలైన ఆ రూపం కొద్దికాలానికే అమ్మకాల నుంచి తొలగింది.

ప్రాచీన కావ్యాల పరిష్కరణతో పరిచయమున్నవారికి ఈ స్థితి కొత్త కాదు. ఎమ్యులేటర్‌లో నడిచే మూల ప్రోగ్రామ్‌లో పాత కారు యథాతథంగా ఉంటుంది, కదిలే ఆసనం ఉండదు. 3డీఎస్ పాఠంలో కారు మారింది, ఆసనం ఊగుతున్న భావన కలిగించే తెర అమరిక మాత్రం ఉంది. దేనిని మూలంగా తీసుకోవాలన్నది చిత్రాన్ని గురించి రాస్తున్నామా, శరీరానుభవాన్ని గురించి రాస్తున్నామా అన్నదానిని బట్టి మారుతుంది.