ఊరక వచ్చు సంచి – వెల చెల్లించునది యెవరు?



సిద్దిపేట అంగడికి పోయినవారు సరుకులతోపాటు నాలుగైదు ప్లాస్టిక్ సంచులను ఇంటికి తెచ్చుచుందురు. జనులు దీనిని ‘కవరు’ అందురు. దుకాణదారుడు వెల యడుగడు గనుక ఎన్ని యిచ్చినను ఎవరును కాదనరు. కాని దానికి వెల కలదు. ఆ వెల మన కొట్టములోను, మన పొలములోను వసూలగుచున్నది.

ఆవుగాని బఱ్ఱెగాని మేతను చక్కగా నమలకయే మింగి, తరువాత నెమరు వేయును. ముడివేసిన సంచిలో తొక్కలో అన్నమో యున్నచో ఆ వాసనకు సంచితోగూడ మింగివేయును. ప్లాస్టిక్ జీర్ణము కాదు. మొదటి పొట్టయందు చేరి ముద్దకట్టును. పశువు మేత తగ్గించును, నెమరు మానును, పొట్ట ఉబ్బును, పాలు తగ్గును. ముద్ద పెరిగినపిమ్మట పొట్టకోసి తీయుట తప్ప వేఱు మార్గము లేదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ యను జీవకారుణ్య సంస్థ ఇట్టి పశువుల దురవస్థను చూచియే 2012లో సుప్రీంకోర్టునందు వ్యాజ్యము వేసెను. ఇక పట్టణపు చెత్తయెరువుతో పొలము చేరిన ముక్కలు చివుకక నిలిచి, నీరు ఇంకుటకును వేరు పాఱుటకును అడ్డమగును.

దీనికి ప్రభుత్వములు కనుగొన్న యుపాయములలో సంచికి వెల కట్టుట యొకటి. ఐర్లండు దేశము 2002లో సంచి యొక్కటికి 15 సెంట్ల పన్ను విధించి, దానిని కొనువాడే చెల్లింపవలయునని శాసించెను. స్వల్పకాలములోనే సంచుల వాడకము నూటికి 90 వంతులకు మించి తగ్గెను. ఇంగ్లాండునందు 2015లో పెద్ద దుకాణములలో 5 పెన్నీల వెల యేర్పడి, 2021లో 10 పెన్నీలయ్యెను.

మన దేశమునందును 2011 నాటి నిబంధనలు సంచులను ఊరక ఇయ్యరాదని చెప్పినవి. 2016లో మార్గము మాఱినది. సంచులిచ్చు దుకాణదారుడు స్థానికసంస్థకు నెలకు కనీసము 4,000 రూపాయలు చెల్లింపవలయుననిరి. చిన్న కిరాణాకొట్టు అంత భారము మోయజాలదు. కొనువానికి ఆ భారము కంటబడదు. 2018లో ఆ నిబంధన తొలగింపబడినది. తరువాత సంచి మందము 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకును, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకును తక్కువ కారాదని విధించిరి. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మందపు సంచి గాలికెగురదు; ఖరీదెక్కువ గనుక ఊరక ఇచ్చుట దుకాణదారునకు గిట్టదు. అయినను పలుచని సంచులు సంతలలో ఇంకను కనబడుచునే యున్నవి.

దీనినిబట్టి మాకు తోచునదేమనగా, వెల స్వల్పమైనను కొనువాని చేతినుండి, సంచి తీసికొను సమయముననే పోవలయును. ఒక రూపాయి యడిగినచో ఇంటినుండి సంచి తెచ్చుట జ్ఞాపకమునకు వచ్చును. ఇది పేదవానికి భారము కాదా యని కొందఱడుగుదురు. సంచి తెచ్చుకొనువానికి ఖర్చే లేదు గదా! పశువును పోగొట్టుకొనుటకంటె పేదరైతునకు వేఱు భారమేమి?

సిద్దిపేట జిల్లా గ్రామములలో విందులకు ప్లాస్టిక్ పళ్లెములకు మాఱుగా పాత్రలనిచ్చు స్టీలు బ్యాంకులు ఏర్పడినవి. సంచుల విషయమునను అట్లే చేయవచ్చును. సహకారసంఘపు విక్రయశాలకు సభ్యులే యజమానులు. రాబోవు సర్వసభ్య సమావేశములో, ఊరక సంచి ఇయ్యరాదనియు, గుడ్డసంచిని ధరావతు తీసికొని ఇచ్చి, మరల తెచ్చినపుడు ఆ సొమ్ము వాపసు చేయవలయుననియు తీర్మానింపుడు. గొల్లభామ చీరలకు పేరొందిన ఈ ప్రాంతమున గుడ్డకుగాని కుట్టువారికిగాని కొఱత లేదు.

అంతవరకు తొక్కలను సంచిలో ముడివేసి పాఱవేయకుడు. తొక్కలను విడిగా తొట్టిలో వేయుడు; సంచిని పంచాయతీ ట్రాక్టరునకు అప్పగింపుడు.