తెలుగు ఊరే... బండి నంబరు మాత్రం పీవై!

ఇంట్లో మాట్లాడేది తెలుగు. తినేది గోదావరి పులస. చుట్టూ ఉన్నది కాకినాడ, కోనసీమ జిల్లాలు. పిన్‌కోడ్ కూడా ఆంధ్రా వైపుదే, 533తోనే మొదలవుతుంది. బండి నంబరు ప్లేటు చూస్తే మాత్రం పీవై 04. ఎమ్మెల్యే వెళ్లి కూర్చునేది పుదుచ్చేరి అసెంబ్లీలో. హైకోర్టు చెన్నైలో. యానాం గురించి పోటీ పరీక్షల పుస్తకంలో మీరు చదివింది ‘కేంద్రపాలిత ప్రాంతమైన పుదుచ్చేరిలో భాగం’ అన్న ఒక్క లైనే అయి ఉంటుంది. బిట్టుకి అది చాలు. ఒక సరిహద్దు గీత మనిషి చదువునీ ఉద్యోగాన్నీ పౌరసత్వాన్నీ ఎలా మలుపు తిప్పుతుందో చూడాలంటే మాత్రం ఆ లైను చాలదు.

కథ మీ ఊరికి దగ్గర్నుంచే మొదలుపెడదాం. కంకిపాడులో బందరు బస్సెక్కి ఉయ్యూరు, పామర్రు దాటి మచిలీపట్నంలో దిగండి. అక్కడ పరాసుపేట ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. ఆ పరాసులు ఎవరో కాదు, ఫ్రెంచివాళ్లే. మన పెద్దలు ఫ్రెంచివాళ్లని పరాసులనీ, డచ్చివాళ్లని వలందులనీ పిలిచేవారు. అందుకే అదే ఊళ్లో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం కూడా ఉన్నాయి. 1669లో గోల్కొండ సుల్తాను అనుమతితో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ బందరులో వర్తక కేంద్రం పెట్టుకుంది. పాండిచ్చేరిలో వాళ్లు కుదురుకోకముందు మాట ఇది. ఆ తర్వాత 1753లో నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కోసం కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కార్లని బుస్సీకి రాసిచ్చేశాడు. అంటే మన డెల్టా శిస్తు కొన్నేళ్లపాటు ఫ్రెంచి ఖజానాకే వెళ్లింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో బందరు కోట దగ్గర కల్నల్ ఫోర్డ్ చేతిలో ఓడిపోయాక ఆ వైభోగం ముగిసింది. బందరులో వాళ్లకి మిగిలిన కాస్త జాగానీ 1947 అక్టోబరులో భారత ప్రభుత్వానికి అప్పగించేశారు. గట్టిగా నిలిచింది ఒక్క యానామే.

యానాంలో ఫ్రెంచివాళ్లు మొదట అడుగుపెట్టింది 1723లో. వ్యాపారం గిట్టక 1727లో వదిలేశారు. 1731లో మళ్లీ వచ్చారు. ఎందుకు వచ్చారో మ్యాపు తీసి చూస్తే మీకే అర్థమవుతుంది. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట, ఎడమ గట్టున ఉంది యానాం. సముద్రం అక్కడికి పది కిలోమీటర్ల లోపే. పైనుంచి పడవల్లో వచ్చే నేత బట్టల్ని ఇక్కడ ఓడలకు ఎక్కించొచ్చు. పక్కనే కోరంగి, అప్పట్లో పేరున్న ఓడరేవు. 1839 నవంబరు తుపానుకి కోరంగి, యానాం రెండూ దెబ్బతిన్నాయి. తర్వాత్తర్వాత రేవులు మేట వేసుకుపోయి ఓడల వ్యాపారం కాకినాడకి మళ్లింది. మన తీరంలో ఊళ్ల తలరాత రాసేది రాజులకన్నా ఎక్కువగా ఒండ్రుమట్టే అనిపిస్తుంది.

ఇంగ్లీషువాళ్లు యానాంని పలుమార్లు లాక్కున్నారు, తిరిగిచ్చారు. 1816 నుంచి మాత్రం అది స్థిరంగా ఫ్రెంచి చేతిలోనే ఉంది. చుట్టూ బ్రిటిష్ గోదావరి జిల్లా, మధ్యలో సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఫ్రాన్సు. మెట్టకూరు, కనకాలపేట, అడవిపొలం లాంటి పల్లెలు, ఒక బజారు, ఒక చర్చి, మీసాల వెంకన్న గుడి... అంతే ఊరు. కానీ గీత దాటితే చట్టం మారిపోతుంది. చట్టం మారే చోట బేరం పుట్టడం మామూలే. మంగళవారం సంతకి చుట్టుపక్కల బ్రిటిష్ ఊళ్ల నుంచి జనం వచ్చి విదేశీ సరుకులు కొనుక్కెళ్లేవారు, అందులో దొంగచాటు సరుకూ ఉండేది. 1930లో బాల్యవివాహాల్ని అడ్డుకునే శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి రాగానే, చిన్నపిల్లల పెళ్లిళ్లు చేయాలనుకున్న కుటుంబాలు బళ్లు కట్టుకుని యానాం చేరేవి. అలా ఊరికి కల్యాణపురం అనే పేరు పడింది. వినడానికి ముచ్చటగా ఉన్నా, ఆ పేరు వెనక ఉన్నవి చదువుకోవాల్సిన వయసులో తాళి కట్టించుకున్న ఆడపిల్లల జీవితాలని మర్చిపోవద్దు.

ఉపాధి కోసం సముద్రం దాటడం మన తరంతోనే మొదలైందనుకుంటాం కదా. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలని ఒప్పంద పత్రాల మీద హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్‌కి ఎక్కించారు. చెరకు తోటల్లో పనికి. భారతదేశం నుంచి కట్టుకూలీలుగా వెళ్లిన మొదటి జట్లలో వాళ్లదొకటి. అటు మారిషస్‌కి కోరంగి, కాకినాడ తీరం నుంచి వెళ్లిన వాళ్ల వారసులు ఈ రోజుకీ ఉగాది చేసుకుంటారు. ఇళ్లలో క్రియోల్ మాట్లాడతారు, పేపరు మాత్రం ఎక్కువగా ఫ్రెంచిలో చదువుతారు. ఫ్రెంచి రోజూ వాడే తెలుగువాళ్లని చూడాలంటే యానాం కాదు, మారిషస్ వెళ్లాలన్నమాట.

అవును, అసలు సంగతి ఇక్కడే ఉంది. ‘యానాంలో అందరూ ఫ్రెంచి మాట్లాడతారట’ అని కాలేజీ క్యాంటీన్లో ఎవరైనా అంటే నమ్మకండి. ఫ్రెంచి పాలన ఉన్న రోజుల్లోనూ అది కచేరీ భాష, బడి భాష, కొలువు భాష. బజారులో, ఇంట్లో ఎప్పుడూ తెలుగే. ఫ్రెంచి వచ్చినవాడికి గుమాస్తా ఉద్యోగమో పోలీసు ఉద్యోగమో దొరికేది. ఆ ఫ్రెంచి పోలీసు శాఖలోనే పనిచేసిన యానాం మనిషి దడాల రఫేల్ రమణయ్య, తర్వాత ఆ పాలనకే ఎదురుతిరిగి విమోచన ఉద్యమానికి నాయకుడయ్యారు. 1954 జూన్ 13న ఉద్యమకారులు యానాంని స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడాది నవంబరు 1న పాండిచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం పాలన అధికారికంగా భారత్ చేతికి వచ్చింది.

ఇక్కడొక మెలిక. పాలన 1954లో వచ్చినా, చట్టప్రకారం బదిలీ జరిగింది మాత్రం 1962 ఆగస్టు 16న. 1956 మే 28న ఢిల్లీలో సంతకాలైన ఒప్పందాన్ని ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదించడానికి ఆరేళ్లు పట్టింది మరి. పరీక్షల్లో ఈ మూడు తేదీలనే కలిపేసి అడుగుతారు, విడివిడిగా గుర్తుపెట్టుకోండి. ఆ ఒప్పందంలో ఒక క్లాజు ఉంది. అక్కడ పుట్టి అక్కడే నివసిస్తున్నవాళ్లు ఆ రోజు నుంచి భారత పౌరులైపోతారు. ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకోవాలనుకుంటే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. రేడియో కూడా అందరి ఇళ్లలో లేని కాలంలో ఆరు నెలల గడువు! సకాలంలో కాగితం ఇచ్చినవాళ్ల పిల్లలూ మనవలూ ఫ్రెంచి పాస్‌పోర్టుతో పారిస్ వెళ్లారు. అలాంటి కుటుంబాలు ఎక్కువగా ఉన్నది పాండిచ్చేరి, కారైకాల్ వైపు. ఇవ్వనివాళ్లలో ఇష్టపడి ఉండిపోయినవాళ్లూ ఉన్నారు, విషయం తెలియక ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. నోటిఫికేషన్ లాస్ట్ డేట్ రోజు రాత్రి సర్వర్ డౌన్ అయిందని తల పట్టుకునే మనకి ఆ బాధ కొంచెం అర్థమవుతుంది.

ఫ్రెంచి భాష సంగతికొస్తే, ప్రజాప్రతినిధులు వేరేగా నిర్ణయించుకునేదాకా అదే అధికార భాష అని ఆ ఒప్పందం రాసింది. 1965లో వచ్చిన అధికార భాషా చట్టంతో పాండిచ్చేరికి తమిళం, మాహేకి మలయాళం, యానాంకి తెలుగు ఖాయమయ్యాయి. ఒక తరం చూస్తుండగానే కొలువు తెచ్చిపెట్టే భాష మారిపోయింది.

ఇప్పుడు ఆ గీత ఏం చేస్తోందో చూడండి. పక్కపక్క ఊళ్లలో పుట్టిన ఇద్దరు కుర్రాళ్లని తీసుకుందాం. ఒకడిది తాళ్లరేవు, ఇంకొకడిది మెట్టకూరు. యానాం బడుల్లో చాలాకాలం నడిచింది ఆంధ్రప్రదేశ్ బోర్డు సిలబస్సే కాబట్టి ఇద్దరూ అవే పుస్తకాలు చదివారు. డిగ్రీ అయ్యాక మాత్రం దారులు వేరు. తాళ్లరేవు వాడు ఏపీపీఎస్సీలో లోకల్. మెట్టకూరు వాడు అక్కడ నాన్‌లోకల్, లోకల్ హోదా కావాలంటే పుదుచ్చేరి నోటిఫికేషన్ రావాలి. ఆ సెలక్షన్ కోసం రాజధానికి వెళ్లాలంటే 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. వృత్తివిద్యా సీట్లలో యానాం ప్రాంతానికి విడిగా కోటా ఉంది, అదొక వరం. కానీ 2011 లెక్కల్లో జనాభా 55,626, అంత చిన్న ప్రాంతంలో సర్కారీ పోస్టులెన్ని పడతాయి? ప్రైవేటు చూద్దామంటే, వందలమందికి పని ఇచ్చిన రీజెన్సీ సెరామిక్స్ 2012 జనవరిలో కార్మిక ఆందోళన హింసగా మారాక మూతపడింది. ఒక కార్మిక నాయకుడు, కంపెనీ ఉన్నతాధికారి ఒకరు ఆ ఘటనల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. పన్నుల తేడా వల్ల చవగ్గా దొరికే పెట్రోలు, మద్యం కోసం వచ్చే బళ్లు ఊరికి డబ్బు తేవచ్చు. చదువుకున్న పిల్లలకి కెరీర్ తేలేవు.

మీ నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి. ఎక్కడ చదివారన్నదే మిమ్మల్ని లోకలో నాన్‌లోకలో చేస్తుంది.

చివరిగా, యానాం కథ విని ‘ఫ్రెంచి నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా’ అని అడిగేవాళ్లకి. వస్తుంది, కానీ మూడు నెలల క్రాష్ కోర్సుతో కాదు. భాషా స్థాయిలు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు. ఏ1, ఏ2 దగ్గర ఆగిపోతే రెజ్యూమెలో ఒక లైను తప్ప పెద్దగా ఒరిగేది లేదు. కంపెనీలు కస్టమర్ సపోర్టుకో, డాక్యుమెంట్ల అనువాదానికో తీసుకునేది బీ2 దగ్గర. అక్కడికి చేరడానికి సుమారు 500 నుంచి 650 గంటల క్లాసు పడుతుంది. రోజుకి గంటన్నర చొప్పున లెక్కేసుకోండి, ఏడాది అటూ ఇటూగా పడుతుంది. బీటెక్, ఫార్మసీ, బీకామ్‌లకి తోడుగా అయితే దానికి విలువ ఎక్కువ. డిగ్రీయే ఫ్రెంచిలో చేయాలంటే హైదరాబాద్‌లో ఇఫ్లూ ఉంది, పీజీకి పాండిచ్చేరి యూనివర్సిటీ. కోర్సులకీ పరీక్షలకీ హైదరాబాద్ అలయాన్స్ ఫ్రాంసేజ్ ఉంది.

సర్టిఫికెట్ ఎంచుకునేటప్పుడు మాత్రం తొందరపడకండి. డెల్ఫ్ ఫ్రాన్సు విద్యాశాఖ ఇచ్చేది, జీవితాంతం చెల్లుతుంది. చదువుకి, ఉద్యోగానికి అది మంచిది. కెనడా పీఆర్ కోసమైతే అది పనికిరాదు, టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ రాయాలి. 2023 నుంచి అక్కడ ఫ్రెంచి వచ్చినవాళ్లకి విడిగా డ్రాలు తీస్తున్నారు, వాటికి వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగింటిలోనూ లెవెల్ 7 ఉండాలి. ఈ స్కోరు చెల్లేది రెండేళ్లే. కాబట్టి దరఖాస్తుకి మిగతా కాగితాలన్నీ సిద్ధమయ్యే సమయం చూసుకుని పరీక్షకి ఫీజు కట్టండి.